బొటనవ్రేలి మూలపు కీలునొప్పి: శస్త్రచికిత్సలు



పలకలకుఁ బేరుగన్న మార్కాపురపు సీమలోఁ బుట్టి, ఆ పలకలమీఁదనే పిల్లలచే నక్షరములు దిద్దించి బ్రదికినవాఁడను. రెండేండ్లుగా నా కుడిచేతి బొటనవ్రేలి మొదట నొప్పి. తాళము త్రిప్పలేను, డబ్బామూత తీయలేను. మీలోను బెక్కండ్రకీ బాధ తెలిసియే యుండును. ఆఁడువారికిది మఱింత తఱచు.

బొటనవ్రేలి యెముక మణికట్టునందలి యొక చిన్న యెముకపై, గుఱ్ఱము వీపున జీనువలె నమరియుండును. నడుమనున్న మృదులాస్థి యరిగినచో నెముక నెముక రాయును. మొదటనే కత్తి వలదు. వ్రేలికిఁ గట్టు, విశ్రాంతి, మాత్ర, కావలసినచోఁ గీలులో సూది: కొందఱికింతతోనే గడచిపోవును.

తగ్గనివారికి శస్త్రవైద్యులు పలుమార్గములు చూపుదురు. కీలు కదలకుండ నతికించుట యొకటి. పట్టు బలముగా నిలుచును గాన సుత్తి పట్టు పడుచువారికిఁ గొందఱు దీనిని జెప్పుదురు. కాని యరచేయి బల్లపైఁ జదునుగాఁ బఱవలేము, ఒక్కొక్కప్పుడెముకలతుకవు. కృత్రిమపుఁగీలు మఱియొకటి. అది వదులైనను దొలఁగినను మరలఁ గోయవలసివచ్చును.

నాకు సందేహము గల్గినది తక్కిన రెండింటియందు. 1949లో ఇంగ్లండున జెర్విస్ అను వైద్యుఁడు, అరిగిన యా చిన్నయెముకనే తీసివేయు పద్ధతిని గూర్చి ప్రకటించెను. వ్రేలు కొంచెము కుఱుచయగును. ఖాళీలోనికి వ్రేలు దిగిపోవునను భయముచేత, 1986లో బర్టన్, పెలెగ్రిని యను నమెరికా వైద్యులు, ముంజేతి స్నాయువుతో వ్రేలిని గట్టి, మిగిలినదానిని జుట్టి ఖాళీలో నుంచు పద్ధతిని వివరించిరి. పని హెచ్చినచో ఫలమును హెచ్చునని నేననుకొంటిని. అది పొరపాటు. ఈ పద్ధతులను బోల్చిన పరిశోధనలను గొక్రేన్ సంస్థవారు సమీక్షించి 2015లోఁ బ్రకటించిరి. నొప్పి తగ్గుటలోఁగాని, చేతిపనిలోఁగాని, ఏదియు మఱియొకదానిని మించినదని తేలలేదు. సాక్ష్యము మిక్కిలి బలమైనది కాదని వారే యొప్పుకొనిరి. స్నాయువు తీసినచో గాయము మఱియొకటి, కాలము మఱికొంత. ఇది మాత్రము నిశ్చయము.

ఏ పద్ధతియైనను గొన్నివారములు చేయి కట్టులో నుండును. పూర్తిబలము వచ్చుటకుఁ బలు మాసములు పట్టును. కంది కోఁతకు ముందు చేయించుకొన్న రైతు చిక్కులఁబడును.

నా వైద్యుని నిట్లడిగితిని: "ఎముక తీసినఁ జాలదా? స్నాయువు గట్టుట నాకేల?" ఆయన కొంత యాలోచించి, "అయ్యవారూ, మీ వయస్సునకు, మీ పనికి మొదటిదే చాలును" అనెను. వచ్చు మాఘమాసమునఁ జేయించుకొనఁ దలఁచితిని. ఈ ప్రసంగము మాత్రము వ్రేలికిఁ గట్టుతోనే వ్రాసితిని. అక్షరములు కొంచెము వంకరపోయినవి.