మాట వినడా? మాట వినపడదా?

అక్కలారా! అన్నలారా!

పొలం పని, ఇంటి పని ముగించుకొని వచ్చారు. ఒళ్లు అలిసి ఉంటుంది. అయినా ఈ పూట ఒక కాగితం గురించి మాట్లాడుకోవాలి. చిన్న కాగితమే. కాని ఒక పిల్లవాడి చదువును నిలబెట్టేది అదే, పడగొట్టేదీ అదే.

పిల్లలు ఒక బడి వదిలి ఇంకో బడికి పోయేటప్పుడు పాత బడివాళ్లు ఒక కాగితం ఇస్తారు. దాన్ని టి.సి. అంటాం. చిన్న తరగతులకు రికార్డు షీటు అని కూడా అంటారు. అందులో పిల్లవాడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, చదివిన తరగతి ఉంటాయి. 'ప్రవర్తన' అని ఒక గడి కూడా ఉంటుంది. ఆ గడిలో మామూలుగా 'బాగు' అని రాస్తారు. ఆ గడి వైపు ఎవరూ చూడరు. కాగితం మడిచి సంచిలో పెట్టుకొని వస్తారు.

మరి ఆ గడిలో 'బాగు' అని లేకపోతే? అప్పుడేం చెయ్యాలి?

ఒక తల్లి కథ వినండి.

ఆమె కూలి పనికి పోతుంది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల. చిన్నవాడికి పదేళ్లు. ఊళ్లో బడి అయిదో తరగతి వరకే ఉంది. ఆరుకు పక్క ఊరి హైస్కూలుకు పోవాలి. టి.సి. కోసం తల్లి బడికి వెళ్లింది.

హెడ్మాస్టరు కాగితం రాసి ఇచ్చాడు. రిజిస్టరు ముందుకు తోశాడు.

"టి.సి. ముట్టినట్టు ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా" అన్నాడు.

"సంతకం చేస్తాను సారూ. ముందు కాస్త చదువుకోనివ్వండి" అంది ఆమె.

ఆమె రాత్రి బడిలో అక్షరాలు నేర్చి ఏడాది అయింది. గబగబా చదవడం రాదు. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివింది. కొడుకు పేరు సరిగానే ఉంది. పుట్టిన తేదీ సరిగానే ఉంది. ప్రవర్తన గడి దగ్గర వేలు ఆగింది.

"మాట వినడు. తోటి పిల్లలను కొడతాడు. చదువు మీద శ్రద్ధ లేదు."

"ఇదేంటి సారూ?" అంది.

"ఉన్నదే రాశానమ్మా. అయిదేళ్లు చెప్పి చెప్పి అలిసిపోయాం" అన్నాడు ఆయన.

ఆమెకు ఏం మాట్లాడాలో తోచలేదు. సంతకం చేసి, కాగితం తీసుకొని వచ్చింది.

మరునాడు హైస్కూలుకు వెళ్లింది. అక్కడి హెడ్మాస్టరు కాగితం చూశాడు. నొసలు ముడిచాడు. "ఇలాంటి పిల్లవాడితో మాకు కష్టమమ్మా. వేరే ఎక్కడైనా చూసుకోండి" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే తండ్రి విసుక్కున్నాడు. "వాడికి చదువు రాదని ఎప్పుడో తెలుసు. రేపటి నుంచి మేకల వెంట పంపు" అన్నాడు.

ఆ రాత్రి అన్నం వడ్డించి కొడుకును పిలిచింది. వాడు గడప మీద అటు తిరిగి కూర్చున్నాడు. మూడుసార్లు పిలిచింది. కదల్లేదు. తండ్రికి కోపం వచ్చింది. చెయ్యి ఎత్తాడు. అంతలో అక్క ఎదురుగా వెళ్లి నిలబడి, నోటి దగ్గర చెయ్యి పెట్టి 'అన్నం' అన్నట్టు చూపింది. వాడు చటుక్కున లేచి వచ్చాడు.

తల్లి మనసులో ఏదో తట్టింది. దీపం దగ్గరకు పోయి కాగితం మళ్లీ తీసింది. మాట వినడు. మాట వినడు. నాలుగుసార్లు చదివింది.

"వీడు మాట వినడా? వీడికి మాట వినపడదా?"

ఒక్కటొక్కటే గుర్తుకొచ్చాయి. మూడేళ్లప్పటి నుంచి వాడి చెవుల్లో చీము కారేది. వానాకాలం వస్తే ఎక్కువయ్యేది. కాచిన నూనె పోసేవాళ్లు. పుల్లతో దూది పెట్టి తుడిచేవాళ్లు. తగ్గింది అనుకునేవాళ్లు. ఎవరైనా మాట్లాడితే వాడు మొహం వైపే చూస్తాడు. వెనకనుంచి పిలిస్తే పలకడు.

ఊరి ఆశ కార్యకర్త తోడు వచ్చింది. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడినుంచి జిల్లా ఆసుపత్రికి వెళ్లారు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు చూశారు. ఒక మూసిన గదిలో పిల్లవాణ్ని కూర్చోబెట్టి, చెవులకు మిషను తగిలించి, ఏ శబ్దం ఎంత వినపడుతుందో పరీక్ష చేశారు. రెండు చెవుల్లోనూ కర్ణభేరికి చిల్లులు పడ్డాయి. వినికిడి బాగా తగ్గింది.

అక్కలారా! అన్నలారా! ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి.

వెనక బల్ల మీద కూర్చున్న పిల్లవాడికి సారు చెప్పే పాఠం వినపడదు. వినపడకపోతే దిక్కులు చూస్తాడు. 'శ్రద్ధ లేదు' అన్నారు. 'లేచి నిలబడు' అంటే వినపడదు, నిలబడడు. 'మాట వినడు' అన్నారు. ఆటలో 'అవుట్' అని కేక వేస్తే వినపడదు, పరుగెత్తుతూనే ఉంటాడు. తొండి అని పిల్లలు పట్టుకుంటారు. ఎందుకు పట్టుకున్నారో తెలియక వీడు నెడతాడు. 'కొడతాడు' అన్నారు.

సారు అబద్ధం రాయలేదు. కంటికి కనిపించినదే రాశాడు. కాని కారణం చూడలేదు. ఇంట్లో తల్లిదండ్రులు మాత్రం చూశారా? వాళ్లూ చూడలేదు. ఒకే గదిలో రెండు మూడు తరగతులు చెప్పుకునే మాస్టరుకు ప్రతి పిల్లవాడి సంగతీ పట్టుకోవడం కష్టం. అందుకని మాస్టరును తిట్టి లాభం లేదు. అలాగని ఆ కాగితాన్ని అలాగే వదిలెయ్యనూ కూడదు.

మరి ఏం చెయ్యాలి?

మొదటిది. కాగితం చించకండి, దాచకండి. రెండు జిరాక్సు కాపీలు తీయించుకోండి. అసలు కాగితం ఇంట్లో భద్రంగా పెట్టండి. ఇంగ్లీషులో ఉంటే తెలిసినవారి చేత మాట మాటకూ అర్థం చెప్పించుకోండి. తెలియని కాగితం మీద సంతకం చెయ్యకండి. 'మా ఇష్టంతోనే పిల్లవాణ్ని మాన్పిస్తున్నాం' అని రాసిన కాగితం మీద అసలే చెయ్యకండి.

రెండవది. నెమ్మదిగా అడగండి. 'మావాడు చెడ్డవాడు కాదు' అని గొడవకు దిగితే మాట పెరుగుతుంది. 'సారూ, ఎప్పుడు ఇలా చేశాడు? ఏ పాఠంలో? ఎవరి పక్కన కూర్చున్నప్పుడు?' అని అడగండి. ఆ జవాబుల్లోనే కారణం దొరుకుతుంది. పాత హెడ్మాస్టరును ఈ తల్లి ఇలాగే అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, "నిజమేనమ్మా. బోర్డు మీద రాసింది చక్కగా రాసుకుంటాడు. నోటితో చెప్పినదే రాయడు" అన్నాడు. ఆ మాట అంటూనే ఆయనకూ అర్థమైంది.

మూడవది. పరీక్ష చేయించండి. కొందరికి వినపడదు. కొందరికి బోర్డు కనపడదు. కొందరికి అక్షరాలు తారుమారుగా తోస్తాయి. చూపు బాగానే ఉంటుంది, తెలివీ ఉంటుంది, కాని చదవడం పట్టుబడదు. కొందరు ఒకచోట కుదురుగా కూర్చోలేరు. కొందరికి బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉంటుంది. వీటిలో దేన్నీ బెత్తం బాగు చెయ్యలేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. ఆ కార్యక్రమం డాక్టర్లు బడికి వచ్చి పిల్లల్ని చూస్తారు. ఆ రోజు పిల్లల్ని బడి మాన్పించకండి. బుద్ధి ఎదుగుదల సంగతి చూడటానికి సికింద్రాబాదులో 1984 నుంచి కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది.

లోపం ఎక్కువగా ఉంటే ప్రభుత్వ వైద్యులు ధ్రువపత్రం ఇస్తారు. మనవాళ్లు సదరం సర్టిఫికెట్టు అంటుంటారు. దేశమంతటా చెల్లే యు.డి.ఐ.డి. కార్డు కూడా ఉంది. 40 శాతం, అంతకు మించి లోపం ఉన్నవారికి చాలా సౌకర్యాలు ఉన్నాయి. అర్హత ఉన్నవారికి చెవి మిషను ప్రభుత్వ పథకం కింద దొరుకుతుంది. 40 శాతం లేకపోయినా ఫరవాలేదు. డాక్టరు రాసిన చీటీ ఉంటే అదే బడికి పట్టుకెళ్లండి.

నాలుగవది. దరఖాస్తు రాయండి. నోటి మాట గాలికి పోతుంది. రాసిన మాట నిలుస్తుంది. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. ఆ తల్లి రాసింది చూడండి:

"గౌరవనీయులైన హెడ్మాస్టరు గారికి నమస్కారం. మా అబ్బాయి టి.సి.లో 'మాట వినడు' అని ఉంది. వాడికి రెండు చెవులూ సరిగా వినపడవని ఆసుపత్రిలో చెప్పారు. డాక్టరు గారి కాగితం జత చేశాను. ఆ మాట మార్చి, వినికిడి లోపం ఉందని, బోర్డు చూసి బాగా రాస్తాడని రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."

కింద తేదీ వేసింది. సంతకం చేసింది. ఇలాంటి దరఖాస్తు రెండు కాపీలు రాయాలి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద 'ముట్టింది' అని సంతకం, బడి ముద్ర వేయించుకోవాలి.

అయిదవది. కొత్త బడిలో దాపరికం వద్దు. లోపం దాచిపెడితే పదిరోజుల్లో బయటపడుతుంది. మళ్లీ అదే మాట, అదే కాగితం. పిల్లవాడికి ఏది రాదో చెప్పండి. ఏది వచ్చో అది కూడా చెప్పండి. ఎలా చెబితే నేర్చుకుంటాడో చెప్పండి. తల్లికి తెలిసినంత ఏ కాగితానికీ తెలియదు.

ఇక చట్టం ఏమంటుందో వినండి.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. 6 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ బడి హక్కు ఉంది. టి.సి. అడిగితే వెంటనే ఇవ్వాలి. టి.సి. ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండరాదు. చేర్చుకునే ముందు పిల్లవాణ్ని, తల్లిదండ్రుల్ని పరీక్షలు పెట్టి ఏరడం కుదరదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడినుంచి వెళ్లగొట్టడానికి వీల్లేదు. కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని కూడా ఈ చట్టం నిషేధించింది.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అంతకుముందు 1995 నాటి చట్టంలో 7 రకాల లోపాలే ఉండేవి. ఇప్పుడు 21 రకాలు ఉన్నాయి. చదవడం, రాయడంలో ఇబ్బంది కూడా వాటిలో ఉంది. లోపం ఉందని బడి కాదనకూడదు. పిల్లవాడికి తగిన ఏర్పాటు చెయ్యాలి. 40 శాతం, ఆపైన లోపం ఉన్నవారికి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు ఉంది. పరీక్షల్లో ఎక్కువ సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి సౌకర్యాలు కూడా ఈ చట్టంలో ఉన్నాయి.

మాట చెల్లకపోతే ఎవరి దగ్గరకు పోవాలి? ముందు బడి యాజమాన్య కమిటీ. అందులో తల్లిదండ్రులే ఎక్కువమంది ఉంటారు. తర్వాత మండల విద్యాధికారి. ఆపైన జిల్లా విద్యాధికారి. రాష్ట్రంలో వికలాంగుల కమిషనరు ఉంటారు. పిల్లలకు ఏ కష్టం వచ్చినా 1098కి ఫోను చెయ్యవచ్చు. డబ్బులు పడవు. మన మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పడం తెలిసిన టీచర్లు అక్కడ ఉంటారు. వాళ్లను వెంటబెట్టుకొని బడికి వెళ్తే సగం పని అయినట్టే.

ఆ తల్లి సంగతి ఏమైంది?

పాత హెడ్మాస్టరు టి.సి.లో ఆ గడి మార్చలేదు. రిజిస్టరులో ఎక్కిన మాట కొట్టెయ్యడం తన వల్ల కాదన్నాడు. కాని వేరే కాగితం మీద రాసి ముద్ర వేసి ఇచ్చాడు. 'ఈ బాలునికి వినికిడి లోపం ఉన్న సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. బోర్డు మీద చూసి చక్కగా రాస్తాడు. లెక్కలు చేస్తాడు. ముందు బల్లలో కూర్చోబెడితే బాగుంటుంది' అని రాశాడు. ఆ కాగితాన్ని ఆమె అక్కడే నిలబడి మొత్తం చదివింది. ఈసారి వేలు ఎక్కడా ఆగలేదు.

రెండు కాగితాలూ, డాక్టరు చీటీ పట్టుకొని మళ్లీ హైస్కూలుకు వెళ్లింది. భవిత కేంద్రం టీచరు తోడు వచ్చింది. హెడ్మాస్టరు మూడూ చదివాడు. "ఈ మాట ముందే తెలిస్తే ఆ రోజు అలా అనేవాణ్ని కాదమ్మా" అన్నాడు. పిల్లవాడి పేరు రాసుకున్నాడు.

అన్ని కష్టాలూ తీరాయా? తీరలేదు. అయిదేళ్లు వినపడని పాఠాలు ఒక్క ఏడాదిలో రావు. వానాకాలంలో చెవి మళ్లీ కారింది. కాని ఈసారి నూనె పొయ్యలేదు, పుల్ల పెట్టలేదు, నీళ్లు పోనివ్వలేదు. నేరుగా డాక్టరు దగ్గరకే వెళ్లారు. పిల్లవాడు మొదటి బల్ల మీద కూర్చుంటున్నాడు. సారు మొహం కనపడేలా నిలబడి పాఠం చెబుతున్నాడు. మేకల వెంట తండ్రే పోతున్నాడు.

అక్కలారా! అన్నలారా!

ఆ తల్లి ఆ రోజు వేలిముద్ర వేసి వచ్చి ఉంటే ఏమయ్యేది? ఆలోచించండి. మీ ఇంట్లో టి.సి.లు, మార్కుల కార్డులు ఉంటే రేపు వచ్చేటప్పుడు తీసుకురండి. అందరూ కలిసి చదవండి. మీ వాడలో 'మొండివాడు', 'మొద్దు' అని పేరు పడిన పిల్లలు ఎవరు? వాళ్లకు వినపడుతోందా? కనపడుతోందా? ఎవరైనా చూశారా?

వెనకనుంచి ఒకసారి మెల్లగా పిలిచి చూడండి.