కట్ట కింది ఊరు: జాన్స్‌టౌన్ సంగతి

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయిన వాళ్ల కోసం నేను మాట్లాడింది ఇక్కడ రాసి పెడుతున్నాం.

అమెరికా అంటే మనకు న్యూయార్క్, డాలస్ గుర్తొస్తాయి. ఇవాళ చెప్పేది చిన్న ఊరు, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని జాన్స్‌టౌన్. 2020 లెక్కల ప్రకారం జనాభా 18 వేల పైచిలుకు. చిన్నదే గానీ, సైట్ మీద పని చేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన ఊరు.

ముందు నేల ఎట్లుంటదో చూద్దాం. చుట్టూ నిటారు కొండలు, మధ్యలో ఇరుకు లోయ. లిటిల్ కోనెమా, స్టోనీక్రీక్ అనే రెండు ఏర్లు కలిసే చోట ఊరుంది. స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చిన జోసెఫ్ జాన్స్ 1800లో దీన్ని వేశాడు. తర్వాత కేంబ్రియా ఐరన్ కంపెనీ వచ్చింది, రైలు పట్టాలు చేసింది. వేల్స్, జర్మనీ, ఐర్లాండ్ నుంచి జనం పొట్ట చేతబట్టుకొని వచ్చారు. మిల్లు చిట్టెం పోసి ఏటి గట్లు ముందుకు జరుపుతూ పోయారు. ఏరు ఇరుకైంది, ఏటా వరద మామూలైంది.

ఊరికి 14 మైళ్ల ఎగువన, 450 అడుగుల ఎత్తున ఒక మట్టికట్ట. పడవల కాలువకు నీళ్ల కోసం ప్రభుత్వం కట్టింది. ఎత్తు 72 అడుగులు. రైలు వచ్చాక కాలువ మూలపడింది, కట్ట చేతులు మారింది. మన చెరువు కట్ట తెలిసినవాళ్లకు ఇక్కడ కథ అర్థమైపోతుంది. ఒక యజమాని తూము పైపులు పీకి తుక్కుకు అమ్ముకున్నాడు. 1879లో కొన్నది శ్రీమంతుల క్లబ్బు. కార్నెగీ, ఫ్రిక్ వంటి కోటీశ్వరులు అందులో సభ్యులు. వాళ్లు తూము మళ్లీ పెట్టలేదు. గుర్రపు బండ్లు నడవాలని కట్ట పైభాగం తగ్గించారు. చేపలు పోకుండా మత్తడికి జాలీ కొట్టారు. కేంబ్రియా కంపెనీ ఇంజినీరు జాన్ ఫుల్టన్ 1880లోనే చూసి, లోపాలు రాసిచ్చాడు. క్లబ్బు పట్టించుకోలేదు.

1889 మే 31. రాత్రంతా కుండపోత. జాలీకి చెత్త పట్టి మత్తడి మూసుకుపోయింది. క్లబ్బులో మురుగుకాలువ పనికొచ్చిన ఇటలీ కూలీలు వానలో గడ్డపారలతో కట్ట మీద మన్ను పోశారు, పక్కన కొత్త కాలువ తవ్వారు. ఆగలేదు. మధ్యాహ్నం కట్ట తెగింది. కింద ఊరికి టెలిగ్రాంలు వెళ్లాయి. కానీ ఏటా ఇదే మాట విని విని జనం నమ్మడం మానేశారు. సాయంత్రం 4 దాటగానే నీళ్లు ఊరి మీద పడ్డాయి. చచ్చినవాళ్లు 2,209 మంది. క్లబ్బు మీద కేసులు వేసినా ఎవరూ గెలవలేదు.

ఇందులో మనకేముంది అంటారా? పైపు తీసినోడు, జాలీ కొట్టినోడు కట్ట కింద కాపురం లేరు. మన సైట్లలోనూ అంతే. షోరింగ్ లేని ట్రెంచ్‌లోకి దిగమనే మనిషి తను దిగడు. నోరు తెరిస్తే టికెట్ చేతిలో పెడతారనే భయం నాకూ తెలుసు. అందుకే ఒక్కరే అడగొద్దు, గ్యాంగ్ అంతా కలిసి అడగండి. ఫొటో తీసి పెట్టుకోండి, సేఫ్టీ ఆఫీసర్‌కు రాతలో పంపండి. ఫుల్టన్ రాసిపెట్టాడు కాబట్టే, తప్పు ఎవరిదో ఇవాళ లోకానికి తెలిసింది.

జాన్స్‌టౌన్ మళ్లీ లేచింది. 1891లో కొండ మీదికి ఏటవాలు రైలు వేశారు. 1936లో ఇంకో వరద వచ్చాక ఏటి గట్లకు కాంక్రీటు పోశారు. అయినా 1977లో మళ్లీ మునిగింది. తర్వాత ఉక్కు మిల్లులు మూతపడ్డాయి, జనం తగ్గారు.

కొండ మీద గ్రాండ్‌వ్యూ శ్మశానంలో 777 తెల్ల రాళ్లు ఉన్నాయి, ఒక్కదాని మీదా పేరు లేదు. వాళ్లెవరో ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. మనమూ పరాయి దేశంలోనే ఉన్నాం తమ్ముళ్లారా. ఐడీ కార్డు ఎప్పుడూ జేబులో ఉంచండి. పాస్‌పోర్ట్ కాపీ, క్యాంపు అడ్రసు, కంపెనీ ఫోన్ నంబరు ఇంట్లో ఇవ్వండి. ఇవాళ రాత్రి ఫోన్ చేసినప్పుడే చెప్పండి.