రాత్రి లెక్కకు అందని ఆడవాళ్లు
(ప్రసంగ పాఠం)



సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఇల్లులేని వాళ్లను లెక్కించాలని మన సంఘాలు అనుకుంటున్నాయి. మంచిదే. అయితే ఎవరిని, ఎప్పుడు లెక్కపెడతామన్నది ముందు తేలాలి.

ప్రభుత్వ లెక్క ఎలా ఉందో చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నిరాశ్రయులు 17.73 లక్షలు. 2001లో 19.43 లక్షలు. తగ్గారు కదా అనుకునేలోపే, పట్టణాల్లో వాళ్ల సంఖ్య 7.78 లక్షల నుంచి 9.38 లక్షలకు పెరిగిందని అవే లెక్కలు చెబుతాయి. 2011లో ఈ గణన ఫిబ్రవరి 28న, ఒక్క రాత్రిలో జరిగింది. రోడ్ల పక్కన, ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో, సిమెంటు గొట్టాల్లో పడుకున్న వాళ్లను రాసుకున్నారు.

హైవే పక్కన మగవాడు దుప్పటి కప్పుకుని పడుకోగలడు. ఆడమనిషి పడుకోగలదా? ఆమె వెలుతురున్న చోటు, నలుగురున్న చోటు చూసుకుంటుంది. బస్టాండులో ప్రయాణికురాలిగా, ఆస్పత్రి వరండాలో రోగి తాలూకు మనిషిగా రాత్రి గడుపుతుంది. సంగారెడ్డిలో ఒకామె నాతో అన్నది: "ఎవలన్న అడిగితే చెల్లె కాన్పుకొచ్చిన అని చెప్త. ఇల్లు లేదంటే ఉండనిస్తరా?" రాత్రిపూట ఫారం పట్టుకుని వెళ్లిన ఉద్యోగికీ ఆమె ఇదే చెబుతుంది.

ఇక రెండో సంగతి. ఇటుక బట్టీ దగ్గర ఒడిశా కుటుంబం వేసుకున్న గుడిసె జనాభా లెక్కల్లో 'ఇల్లే'. పనికి కుదిరింది భర్త పేరు మీద. అతను వెళ్లగొడితే, లేదా చనిపోతే, గుడిసె ఆమెది కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల పరిశ్రమకు చెందిన ఒక కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో వలస కార్మికులు చాలామంది. భర్త జీతంతో నడిచే అద్దెగది ఆ తర్వాత భార్యకు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏ పట్టికలోనూ ఈ ప్రశ్నకు గడి లేదు. లెక్కలో ఆడవాళ్లు కనబడకపోతే, వాళ్లకు విడిగా వసతిగృహం ఎందుకన్న జవాబు మాత్రం ఆఫీసుల్లో సిద్ధంగా ఉంటుంది.

అందుకే మనం పగలు వెళ్దాం, ఆడవాళ్లమే వెళ్దాం. లేబర్ అడ్డాలకు, ఆస్పత్రులకు, దర్గాలకు, బట్టీలకు ఒక్కసారి కాక పదిసార్లు వెళ్దాం. "ఇల్లుందా?" అని అడగవద్దు. నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు, రేపు కూడా అక్కడ పడుకోవచ్చా, ఎవరు పొమ్మంటే పోవాలి? ఈ మూడూ అడగండి.

పేర్లు మాత్రం రాయవద్దు. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సుకు ముందు భిక్షాటన నిషేధించి, దొరికిన వాళ్లను జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. జాబితా అంటే వాళ్లకు భయం ఊరికే రాలేదు. తదుపరి జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా ప్రకటించారు. నిరాశ్రయుల గణనకు మహిళా సిబ్బంది కావాలని, ఆస్పత్రుల్లోనూ బస్టాండుల్లోనూ ఈ ప్రశ్నలు అడగాలని మనం కలెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. అర్జీ ముసాయిదా తెచ్చాను, చదివి మీ మార్పులు చెప్పండి.