కొండలెక్కడానికి ఏ వాచ్ కొనాలి? కొనేముందు చూడాల్సిన ఆరు విషయాలు

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, ట్రెక్కింగ్‌కి, క్లైంబింగ్‌కి స్ట్రాంగ్‌గా ఉండే వాచ్ ఒకటి చెప్పు." ఒక మోడల్ పేరు చెప్పేస్తే ఈ వీడియో రెండు నిమిషాల్లో అయిపోతుంది. కానీ నేను చెప్పిన మోడల్ కొనుక్కుని మీరు కొండ మీదకి వెళ్తారు. అక్కడ అది పని చేయకపోతే? అలా పని చేయని వాచ్ నా చేతికే ఉండింది. అందుకే ముందు ఆ కథ చెప్పి, తర్వాత ఎలా చూసుకోవాలో చెప్తాను. ఈ వీడియోకి స్పాన్సర్ ఎవరూ లేరు, అది కూడా ముందే చెప్పేస్తున్నా.

మూడేళ్ల క్రితం మాట. అప్పటికి నేను ఇంకా గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాను. హైక్ వచ్చింది, ఆ ఆనందంలో ఒక ఖరీదైన స్మార్ట్‌వాచ్ కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, అనవసరం. పెద్ద టచ్ స్క్రీన్, డబ్బా మీద "మిలిటరీ గ్రేడ్" అని రాసుంది. మే నెలలో దాన్ని కట్టుకుని ఫ్రెండ్‌షిప్ పీక్ ఎక్కడానికి వెళ్లాను. అది మనాలి దగ్గర ఉంటుంది. ఎత్తు 5,289 మీటర్లు, అంటే 17,000 అడుగుల పైమాటే.

సమ్మిట్ రోజు రాత్రి ఒంటిగంటకి బయలుదేరాం. అంత రాత్రప్పుడు ఎందుకంటే, రాత్రి మంచు గట్టిగా ఉంటుంది, కాలు దిగదు. ఎండ వచ్చాక మెత్తబడుతుంది, మోకాళ్ల దాకా దిగిపోతాం. రాళ్లు జారడం, అవలాంచ్‌లు, పగుళ్ల మీద ఉన్న మంచు విరగడం, అన్నీ ఎండతోనే పెరుగుతాయి. అందుకే మా గైడ్ ముందు రోజు సాయంత్రమే చెప్పాడు. "పది గంటలకి ఎక్కడుంటే అక్కడి నుంచే వెనక్కి." దీన్ని టర్న్‌అరౌండ్ టైమ్ అంటారు.

నా చేతికి రెండు జతల గ్లవ్స్. వాచ్ స్క్రీన్ గ్లవ్‌తో ముడితే పలకదు. టైమ్ చూడాలంటే కుడి చేతి గ్లవ్ తీయాలి, ఎడమ చేతి స్లీవ్ పైకి లాగాలి, స్క్రీన్ తట్టాలి. అలా ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. తెల్లారేలోపే బ్యాటరీ పడిపోయింది. డేరాలో ఛార్జింగ్ 70 శాతం చూసుకుని బయలుదేరినవాణ్ణి. చలి మింగేసింది. ఫోన్ లోపలి జేబులో ఉంది, దాన్ని తీయాలంటే మూడు జిప్పులు విప్పాలి. ఇక వదిలేశాను.

ఎండ వచ్చింది. శిఖరం కనిపిస్తోంది. నాకు బలం ఉంది, ఊపు ఉంది. అప్పుడు గైడ్ ఆగి, "చలో సర్, వాపస్" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "భయ్యా, ఇంకా చాలా టైమ్ ఉంది కదా, ఇంకో గంట వెళ్దాం" అన్నాను. ఆయన ఒకటే అడిగాడు. "ఇప్పుడు టైమ్ ఎంతనుకుంటున్నారు?" నేను ధైర్యంగా "ఎనిమిదిన్నర" అన్నాను.

ఆయన బ్యాగ్ స్ట్రాప్‌కి ఒక చిన్న ప్లాస్టిక్ డిజిటల్ వాచ్ కట్టుంది, మన ఊళ్లో ఇంటర్ పిల్లలు పెట్టుకునే రకం. దాన్ని నా వైపు తిప్పాడు. పది దాటి ఐదు నిమిషాలు.

గంటన్నర తేడా అండి! నేను నిద్రపోలేదు, స్పృహ తప్పలేదు. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానికి దాదాపు సగమే ఉంటుంది. ఆక్సిజన్ కూడా అంతే అందుతుంది. అలసట, చలి, ఒకటే అడుగు మళ్లీ మళ్లీ వేయడం, వీటన్నిటితో మన లోపలి గడియారం తప్పు చూపిస్తుంది. తప్పు చూపిస్తోందని మనకి తెలియదు కూడా. దిగేటప్పుడు మంచు అప్పటికే మెత్తబడింది, చాలాచోట్ల తొడల దాకా దిగిపోయాం. మధ్యాహ్నానికి మబ్బు కమ్మేసి పైన ఏమీ కనిపించలేదు. నేనడిగిన ఆ "ఇంకో గంట" ఇచ్చుంటే ఆ మబ్బులో పైనే ఉండేవాళ్లం.

ఇంకొకటి. గ్లవ్ తీసి తీసి నా కుడి చేతి రెండు వేళ్లు తెల్లగా అయిపోయి స్పర్శ పోయింది. అదృష్టం, ఫ్రాస్ట్‌బైట్ దాకా వెళ్లలేదు. కీబోర్డ్‌లో 'జె' అక్షరం మీద వేలికి తగిలేలా చిన్న గీత ఉంటుంది చూడండి, నెల రోజుల పాటు అది నాకు తెలియలేదు. కోడింగ్ చేసి బతికేవాడికి అదెంత భయమో చెప్పలేను. టైమ్ చూడటానికి నేను కట్టిన రేటు అది.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం అనుకోకండి. 1996 మే 10న ఎవరెస్ట్ మీద రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ నడిపించిన రెండు టీముల్లో చాలామంది మధ్యాహ్నం రెండు దాటాక కూడా పైకే వెళ్లారు. సాయంత్రానికి తుఫాను పట్టుకుంది. ఎనిమిది మంది చనిపోయారు. ఆ ఇద్దరు లీడర్లూ అందులో ఉన్నారు, టిబెట్ వైపు నుంచి ఎక్కిన మన ఐటీబీపీ జవాన్లు ముగ్గురూ ఉన్నారు. వాళ్ల దగ్గర వాచ్‌లు లేక కాదు. కారణాలు చాలా ఉన్నాయి, కానీ గడియారం చెప్పింది వినకపోవడం అందులో ఒకటి.

కాబట్టి నా లెక్క ఇది. కొండ మీద వాచ్‌కి మొదటి పని, ఎప్పుడు వెనక్కి తిరగాలో చెప్పడం. ఆల్టిమీటర్, జీపీఎస్, హార్ట్ రేట్ అన్నీ దాని తర్వాతే. ఇప్పుడు ఆరు విషయాలు చూద్దాం.

ఒకటి, గ్లవ్స్‌తో పని చేయాలి. టచ్ స్క్రీన్ ఉంటే ఉండనివ్వండి, కానీ బటన్లు తప్పనిసరి. గ్లవ్ వేసుకుని నొక్కగలిగేంత పెద్దవి కావాలి. ఏమీ నొక్కకుండానే టైమ్ ఎప్పుడూ కనిపించాలి. షాపుకి వెళ్లేటప్పుడు మీ గ్లవ్స్ జేబులో పెట్టుకెళ్లండి. షాపతను నవ్వుతాడు, నవ్వనివ్వండి.

రెండు, చలి. లిథియం బ్యాటరీ చలిలో తన కెపాసిటీలో కొంత కోల్పోతుంది. ఎల్‌సీడీ అంకెలు కూడా బాగా చలిలో నెమ్మదిగా మారతాయి. కాసియో ప్రో ట్రెక్ మోడల్స్ చాలావాటికి మైనస్ 10 డిగ్రీల వరకు అని కంపెనీయే రాస్తుంది. మీరు కొనేదానికి ఎంత రాశారో మాన్యువల్‌లో చూడండి. ఛార్జింగ్ చేసే వాచ్ అయితే ఇంకో మాట. సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే పాడవుతుంది. కాబట్టి రాత్రి వాచ్‌నీ, పవర్ బ్యాంక్‌నీ స్లీపింగ్ బ్యాగ్‌లో మీతో పాటే పడుకోబెట్టండి.

మూడు, "మిలిటరీ గ్రేడ్" అనే మాట. దీని వెనకాల ఉండేది మిల్ ఎస్‌టీడీ 810 అనే అమెరికా రక్షణ శాఖ స్టాండర్డ్. అందులో వేడి, చలి, దుమ్ము, అదురు, కింద పడటం, ఇలా చాలా టెస్టులున్నాయి. ఏవి చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది. పాస్ అయ్యిందని ముద్ర వేసే సర్కారీ ఆఫీసు ఏదీ లేదు. ఒక్క టెస్ట్ చేసినా డబ్బా మీద ఆ పేరు రాసుకోవచ్చు. ఐటీ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, వంద టెస్ట్ కేసుల్లో మూడు రన్ చేసి "టెస్టెడ్" అని మెయిల్ పెట్టినట్టు. ఏ టెస్టులు చేశారో రాశారా లేదా చూడండి. జీ షాక్‌కి ఆ పేరు ఊరికే రాలేదు. కాసియోలో కికువో ఇబే అనే ఇంజినీర్ పది మీటర్ల ఎత్తు నుంచి పడినా పగలకూడదు, పది బార్ నీటి ఒత్తిడి తట్టుకోవాలి, బ్యాటరీ పదేళ్లు రావాలి అని టార్గెట్ పెట్టుకుని పని చేశాడు. మొదటి మోడల్ 1983లో వచ్చింది.

నాలుగు, అద్దం. ఇది రాక్ క్లైంబింగ్ చేసేవాళ్లకి ముఖ్యం. మన భువనగిరి గుట్ట గ్రానైట్ రాయి. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, గట్టిదనంలో దాని నంబర్ 7. మామూలు మినరల్ గ్లాస్ దానికంటే తక్కువ, కాబట్టి గీతలు పడతాయి. సఫైర్ గ్లాస్ నంబర్ 9, గ్రానైట్ దాన్ని గీయలేదు. కానీ సఫైర్‌కి గట్టి దెబ్బ తగిలితే పగలొచ్చు. అందుకే ఏ అద్దమైనా, చుట్టూ ఉన్న అంచు అద్దం కంటే ఎత్తుగా ఉందా లేదా చూడండి. రాయికి ముందు అంచు తగలాలి, అద్దం కాదు.

ఐదు, పట్టీ. గుడ్డ పట్టీ లేదా వెల్క్రో మంచిది, జాకెట్ మీద నుంచి కట్టుకునేంత పొడవుండాలి. రెండు పిన్నుల కిందుగా ఒకే ముక్కగా పోయే పట్టీ అయితే ఒక పిన్ను ఊడినా వాచ్ లోయలోకి పోదు. రాక్ క్లైంబింగ్‌లో మాత్రం, ముఖ్యంగా రాతి పగుళ్లలో చెయ్యి దూర్చి ఎక్కేటప్పుడు, వాచ్ చేతికి ఉండనే కూడదు. ఇరుక్కుంటే మణికట్టు పోతుంది. ఉంగరం కూడా తీసేయండి. భువనగిరిలో మొదటి రోజే మా ఇన్‌స్ట్రక్టర్ సర్ "వాచ్ హార్నెస్‌కి తగిలించు, చేతికి కాదు" అని నా చేత విప్పించారు. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు కదా, వాళ్లు మొదట ప్రాక్టీస్ చేసింది కూడా ఆ గుట్ట మీదే.

ఆరు, ఆల్టిమీటర్. బడ్జెట్ ఉంటే తీసుకోండి, కానీ అదెలా పని చేస్తుందో తెలుసుకుని తీసుకోండి. ఆ వాచ్ ఎత్తుని నేరుగా కొలవదు, గాలి ఒత్తిడిని కొలిచి ఎత్తుని లెక్క కడుతుంది. సముద్ర మట్టం దగ్గర సుమారు 8 మీటర్లు ఎక్కితే ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. 4,000 మీటర్ల దగ్గర అదే ఒక్క హెక్టోపాస్కల్‌కి 12 మీటర్ల పైనే ఎక్కాలి. ఇబ్బంది ఏంటంటే, వాతావరణం మారినా ఒత్తిడి మారుతుంది. కాబట్టి ఎత్తు తెలిసిన చోటల్లా, అంటే బోర్డు ఉన్న పాస్ దగ్గర, మ్యాప్‌లో ఉన్న క్యాంప్ దగ్గర, వాచ్‌ని సరి చేసుకుంటూ ఉండాలి.

ఇదే ఇబ్బందిని మనం వాడుకోవచ్చు కూడా. రాత్రి పడుకునేముందు వాచ్ 3,800 అని చూపించింది, పొద్దున లేచేసరికి 3,850 అంటోంది. డేరా నడిచి పోలేదు కదా! అంటే ఒత్తిడి పడిపోయింది, వాతావరణం చెడిపోయే అవకాశం ఉంది అని అర్థం. నెట్‌వర్క్ లేని చోట ఇంతకంటే మంచి వెదర్ రిపోర్ట్ మీ చేతికి దొరకదు. ఆ సెన్సర్ రంధ్రంలో మట్టి, సన్‌స్క్రీన్ చేరకుండా కడుక్కోవడం మర్చిపోకండి. టెంపరేచర్ చూడాలంటే వాచ్ విప్పి ఒక అరగంట పక్కన పెట్టండి, లేకపోతే అది మీ ఒంటి వేడి చూపిస్తుంది.

మరి ఏది కొనాలి? తక్కువ బడ్జెట్ అయితే అలారం, లైట్ ఉన్న మామూలు డిజిటల్ వాచ్ చాలు. కాసియో ఎఫ్ 91 డబ్ల్యూ 1989 నుంచి వస్తోంది, బరువు 21 గ్రాములు, బ్యాటరీ ఏడేళ్లని కంపెనీ చెప్తుంది. బటన్లు చిన్నవి, లైట్ అంతంతమాత్రం, అయినా టైమ్ చూపిస్తుంది. మధ్యలో అయితే సోలార్ జీ షాక్. ఏటా హిమాలయాలకి వెళ్లేవాళ్లయితే ఆల్టిమీటర్, బారోమీటర్, కంపాస్ మూడూ ఉన్న ప్రో ట్రెక్ లాంటిది. వెళ్లిన దారి రికార్డ్ అవ్వాలి, మ్యాప్ కావాలి అంటే గార్మిన్, సూన్టో, కోరోస్ లాంటివి. కానీ వాటితో పాటు బ్యాగ్‌లో ఒక చిన్న డిజిటల్ వాచ్ వేసుకోండి. సర్వర్‌కి బ్యాకప్ పెడతాం, ప్రాణానికి పెట్టమా?

చివరిగా ఒక్క పని చెప్తాను, పైసా ఖర్చు లేదు. సమ్మిట్‌కి ముందు రోజు సాయంత్రం, బుర్ర బాగా పని చేస్తున్నప్పుడే, టర్న్‌అరౌండ్ టైమ్‌కి అలారం పెట్టేయండి. దానికి అరగంట ముందు ఇంకోటి పెట్టండి. అలారం మోగాక ఆలోచించడం ఉండదు. ఆ నిర్ణయం నిన్న సాయంత్రమే తీసేసుకున్నారు, తీసుకున్నది మీకంటే తెలివిగా ఉన్న మీరే.

మరుసటి ఏడాది నేను మళ్లీ అదే కొండకి వెళ్లాను. అదే గైడ్. ఈసారి నా బ్యాగ్ స్ట్రాప్‌కి ప్లాస్టిక్ వాచ్ కట్టుంది. అది చూసి ఆయన ఏమీ అనలేదు, కొంచెం నవ్వాడంతే. 8:40కి పైన ఉన్నాం. ఈసారి ఆ టైమ్ నేను ఊహించింది కాదు, చూసి చెప్తున్నది.

సరే అండి, ఈ వీడియో ఉపయోగపడితే కొండలెక్కే మీ ఫ్రెండ్‌కి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో హెడ్ ల్యాంప్ గురించి మాట్లాడుకుందాం. అంతవరకు జాగ్రత్త. ఉంటాను మరి.