కొండదారి బండికి స్ప్రింగులు

మైదుకూరు నాలుగు దారుల కూడలి. కర్నూలు, నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా కడపకు పోవు 40వ నంబరు జాతీయ రహదారియు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల నుండి బద్వేలు మీదుగా నెల్లూరి వైపు సాగు 67వ నంబరు రహదారియు ఇచ్చటనే కలిసికొనుచున్నవి. ఈ రెండింటిమీద పోవునంత సేపు బండి స్ప్రింగులను గురించి ఎవరికిని తలపు రాదు. రహదారి విడిచి, పసుపు చేల నడుమ కాలువ గట్టెక్కినపుడో, నల్లమల అంచుననున్న పల్లెబాట పట్టినపుడో ఆ తలపు నడుమునుండి పుట్టుకొని వచ్చును. నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు బీటలువారి కుంగును. దానిమీద రోడ్డు ఎంత నున్నగా వేసినను కొంతకాలమునకు అలలు తేలక మానదు. జమ్మలమడుగు వైపు రాతిగనుల బాటలలోనైతే పలకరాళ్ళ అంచులే చక్రమును మోదుచుండును.

ఇట్టి దారులకు తగిన మోటారు సైకిళ్ళు ఇపుడు మన యిండ్లకు వచ్చినవి. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డు వారి హిమాలయన్, 2019లో హీరో వారి ఎక్స్‌పల్స్ వెలువడినవి. మొదటి హిమాలయన్‌కు ముందు చక్రము 200, వెనుక చక్రము 180 మిల్లీమీటర్ల మేర పైకిని క్రిందికిని ఆడగలదు. ఆ ఆట యంతయు స్ప్రింగుల మీదనే ఆధారపడి యున్నది. అయితే తయారు చేయువారు స్ప్రింగును ఎన్నుకొనునపుడు ఒక సగటు మనిషిని దృష్టిలో ఉంచుకొందురు. మనమా, భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని, ప్రక్కకు రెండు సంచులు కట్టి బయలుదేరుదుము.

నేనును అట్లే బయలుదేరితిని. మూడేండ్ల క్రిందట మే మిద్దరము గండికోట చూడబోయితిమి. బండి వెనుక భాగము మరీ క్రుంగుచున్నదని నేను అంతకు ముందే ఒకరి నడిగితిని. “రింగు బిగిస్తే చాలన్నా, స్ప్రింగు గట్టిపడ్తాది” అని ఆయన చెప్పెను. కడకంట రింగు బిగించి, ధైర్యముగా పోయితిని. తిరుగుదారిలో చీకటి పడువేళ ఒక కల్వర్టు ప్రక్కన దారి గోయిగా ఉన్నది నాకు కనబడలేదు. స్ప్రింగు తుదివరకు కుంగి దభీమని తగిలెను. మరుక్షణమే విదిల్చి వెనుకనున్న మనిషిని ఎగురవేసెను. ఆమె పడిపోలేదు, కాని నడుము పట్టుకొనిపోయి ఆరువారములు మంచము దిగలేదు. “నెమ్మదిగా పొండని చెప్పితిని గదా” అని ఒక్కసారి మాత్రమే అనెను. ఆ ఒక్కమాటయే నన్ను ఈ విద్యకు పురికొల్పెను.

నేను మొదట తెలిసికొన్న దేమనగా, రింగు బిగించుట వలన స్ప్రింగు గట్టిపడదు. స్ప్రింగు ఎంత బరువునకు అంత కుంగునని రాబర్ట్ హుక్ 1678లోనే ప్రకటించెను. ఒక మిల్లీమీటరు కుంగుటకు ఎంత బరువు కావలెనో అదియే దాని గట్టిదనము. రింగు బిగించినపుడు ఆ లెక్క మారదు. బండి మాత్రము ఎత్తుగా నిలుచును. గట్టిదనమును నిర్ణయించునవి తీగ మందము, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య. చుట్టు వెడల్పును చుట్ల సంఖ్యయు మారక, తీగ పదింట ఒక పాలు మందమైనంత మాత్రముననే స్ప్రింగు దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టిదగును.

మీ స్ప్రింగు మీకు తగినదా, కాదా అని తెలిసికొనుటకు ఒక టేపు, ఇద్దరు సహాయకులు చాలును. వెనుక ఇరుసు నుండి నిట్టనిలువుగా సీటు క్రింద ఒక గుర్తు పెట్టుకొని మూడుమారులు కొలువవలెను. బండిని ఎత్తి చక్రము నేలకు తగులకుండ ఉంచి మొదటిసారి. బండి తన బరువుతో తాను నిలిచినపుడు రెండవసారి. ఎక్కువారందరును ఎక్కి, సంచులును కట్టినపుడు మూడవసారి. మొదటి కొలతనుండి మూడవదానిని తీసివేయగా వచ్చినది, చక్రపు ఆటలో ఇంచుమించు నూటికి 30 పాళ్ళు ఉండవలెను. మొదటిదానినుండి రెండవది తీసివేసినపుడు నూటికి పదిపాళ్ళ ప్రాంతమున ఉండుట మేలు.

నా బండి వెనుక చక్రపు ఆట 200 మిల్లీమీటర్లు. రింగు పూర్తిగా బిగించి యుండగా, మేమిద్దరము ఎక్కినపుడు కుంగినది 60. లెక్క సరిపోయినదే! కాని వట్టి బండి కుంగినది 4 మాత్రమే. ఇచ్చటనే చాలమంది పొరబడుదురు. వట్టి బండి కుంగుటయే లేదు గనుక స్ప్రింగు గట్టిదని అనుకొందురు. నిజము దీనికి విరుద్ధము. మెత్తని స్ప్రింగును బలవంతముగా నొక్కి నిలబెట్టినందువలననే అది కుంగుట లేదు. మేము ఎక్కుటతో అదనముగా కుంగిన 56 మిల్లీమీటర్లే దాని మెత్తదనమునకు సాక్ష్యము. నాలుగవ వంతు గట్టిదైన స్ప్రింగు వేయించితిని. ఇపుడు వట్టి బండి 17, మేమెక్కినపుడు 62 కుంగుచున్నది. ఒంటరిగా పోవునపుడు రింగు కొంత వదులు చేయుదును. రింగునకు తగిన పని అదియే.

స్ప్రింగు మార్చుటతో పని ముగియదు. గట్టి స్ప్రింగు మరింత బలముగా విదుల్చును. ఆ విదిలింపును అణచునది షాక్ అబ్జార్బరులోని ఆయిలు. అది సన్నని రంధ్రముల గుండ పోవుచు ఆ శక్తిని వేడిగా మార్చును. కావున తిరిగివచ్చు వేగమును తగ్గించు మర ఉన్నచో కొంచెము బిగింపవలెను. లేనిచో తెలిసిన మెకానిక్కుచేత షాక్ అబ్జార్బరును సరిచేయింపవలెను. ముందు ఫోర్కులో స్ప్రింగులు మార్చినపుడు ఆయిలును కూడ మార్చి, రెండు కాళ్ళలోను ఒకే మట్టమునకు పోయవలెను. వెనుకను మాత్రమే ఎత్తుచేసి ముందును విడిచినచో హ్యాండిలు తొందరపడి తిరుగును.

రెండు హెచ్చరికలు. డబ్బు కలిసివచ్చునని ఉన్న స్ప్రింగు చుట్లు కోయించుట గాని, గ్యాసుమంటతో కాల్చి సవరించుట గాని వలదు. కాలిన ఉక్కు తన పదును కోల్పోవును. వెనుక స్ప్రింగును విప్పుటకు దానిని నొక్కిపట్టు సాధనము ఉండితీరవలెను. త్రాళ్ళతో, గడ్డపారలతో ప్రయత్నించినచో అది ఎగిరివచ్చి మనిషిని కొట్టగలదు.

శ్రోతలారా, క్రొత్త స్ప్రింగు కొనవలసిన అవసరము మీకు లేకపోవచ్చును. కాని వెనుక కూర్చుండు మనిషికి గోయి ముందుగా కనబడదు. హ్యాండిలు పట్టుకొన్నవానికే కనబడును. ఆ మనిషి నడుము మన చేతిలో నున్నది. వచ్చే ఆదివారము ఒక అరగంట వెచ్చించి టేపు తీసికొని కొలిచి చూడుడు. ఇప్పుడు నా భార్య మరల నా వెనుక కూర్చుండుచున్నది. కల్వర్టు వచ్చినపుడు మాత్రము ఇంకను నా భుజము పట్టుకొనును. అది నేను ఇంకను తీర్చవలసిన బాకీ.