చేతిలో ఫోను ఉంది, మరి అక్షరమో?

(బళ్ళారిలో సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా చీలిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రానికి దక్కింది. పటంమీద గీసిన ఆ గీత మన ఇళ్ళ నడుమనుంచి పోయింది. ఆడపిల్లను రాయదుర్గంలో ఇచ్చినవారు, కోడలిని ఆదోనినుంచి తెచ్చుకొన్నవారు ఈ సభలోనే ఎందరో ఉన్నారు.

ఆ గీత ఫోనులోకి కూడా పాకింది. సెల్‌ఫోన్లు వచ్చిన తొలి రోజుల్లో కర్ణాటక ఒక సర్కిలు, ఆంధ్రప్రదేశ్ మరొక సర్కిలు. బళ్ళారి సిమ్ముతో రాయదుర్గం వెళితే, మనకు వచ్చిన ఫోనుకు కూడా మనమే రోమింగు రుసుము కట్టవలసి వచ్చేది. పెళ్ళిమాటలను సైతం గడియారం చూసుకొంటూ మాట్లాడుకొన్నాము. రోమింగులో వచ్చే ఫోన్లను బి.ఎస్.ఎన్.ఎల్. 2015 జూన్ 15 నుంచి ఉచితం చేసింది.

అరచేతి కంప్యూటరు కథ వేరుగా మొదలైంది. 2001లో బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజినీర్లు కలిసి ‘సింప్యూటర్’ను లోకానికి చూపారు. చదువురాని పల్లెవాసికి కూడా అతని భాషలోనే సమాచారాన్ని చదివి వినిపించాలన్నది వారి ఆశయం. 2004లో అది ‘అమిడా’ పేరుతో అంగడికి వచ్చింది కాని, అమ్మకాలు ఆశించినంతగా సాగలేదు. ఇంతలో ఫోనే కంప్యూటరును తనలో కలుపుకొన్నది. ఇంటర్నెట్‌ద్వారా మాట్లాడుకొనడానికి మన దేశంలో 2002 ఏప్రిల్‌లోనే అనుమతి వచ్చినా, దేశంలోని మామూలు ఫోనుకు అలా మాట్లాడే వీలు 2018లోగాని కలగలేదు. ఈనాడు కంప్యూటరు, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఒక్క పరికరంలో ఇమిడి మన జేబులో ఉన్నాయి.

మాటకు హద్దు చెరిగిపోయింది. మరి అక్షరానికో?

మా ఇంటి సంగతే చెబుతాను. మా అమ్మాయి రాయదుర్గంలోని అమ్మమ్మతో రోజూ ముఖం చూస్తూ చక్కని తెలుగులో మాట్లాడుతుంది. ఒకనాడు ఆమె తెలుగులో నాలుగు పంక్తులు రాసి పంపింది. పిల్ల ఫోను తెచ్చి నా చేతికిచ్చి, “నాన్నా, అమ్మమ్మ ఏమి రాసిందో చదివి చెప్పు” అన్నది. ఇతరుల భాషాహక్కుల కోసం వాదించే నేను ఆ క్షణాన తల దించుకొన్నాను. కన్నడం మనకు అన్నం పెడుతున్న భాష. దానిని మన పిల్లలు బాగా నేర్వవలసిందే. అయితే అందుకు తెలుగు అక్షరాన్ని బలి ఇవ్వనక్కరలేదు.

న్యాయవాదిగా మూడు మాటలు మనవి చేస్తాను.

మొదటిది: 2016లో కేంద్ర ప్రభుత్వం చేసిన ఉత్తర్వు ప్రకారం, మన దేశంలో అమ్మే ఫోన్లలో 22 భారతీయ భాషల సందేశాలూ చదవడానికి వీలుండాలి. రాయడానికి మాత్రం ఇంగ్లీషు, హిందీలతోపాటు మరొక్క భారతీయ భాష ఉంటే చాలునన్నారు. ఆ ఒక్కటి తెలుగే కావాలని లేదు. కనుక ఫోను కొనేటప్పుడే తెలుగులో రాసి చూపమని దుకాణదారుని అడగండి.

రెండవది: రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విజ్ఞాపన ఇచ్చుకోవచ్చు. జవాబు కూడా తెలుగులోనే రావాలని అందులో లేదు. అయినా అర్జీ ఇచ్చే హక్కు మనది. దానిని ఫోనులోనే తెలుగులో రాసి, అచ్చు తీసి, సంతకం పెట్టి ఇవ్వండి.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని 350-ఎ అధికరణం చెబుతున్నది. బడిలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఉంటే మాతృభాషలో బోధించే ఏర్పాటు చేయాలని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. బిడ్డ మాతృభాష ఏదో చెప్పవలసింది తల్లిదండ్రులేనని 2014లో సుప్రీంకోర్టు, కర్ణాటక ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న వ్యాజ్యంలోనే, స్పష్టం చేసింది.

పదిమంది పిల్లలు! మన వీధుల్లో పదిమంది లేరా? ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియక విడివిడిగా ఉన్నారు. వారిని ఒక జాబితాలోకి చేర్చడానికి ఈ ఫోనుకు మించిన సాధనం ఏమున్నది?

“ఫోనులోనే తెలుగు పాఠాలు దొరుకుతున్నాయి గదా, ఇక బడి ఎందుకు?” అని రేపు ఎవరైనా అనవచ్చు. ఒప్పుకోకండి. ఫోను పనిముట్టు, పంతులు కాదు. రాజ్యాంగం బోధనా సదుపాయాలు కల్పించమన్నది రాష్ట్రాన్ని, సెల్‌ఫోను కంపెనీని కాదు.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళగానే రెండు పనులు చేయండి. మీ వీధిలోని తెలుగు పిల్లల పేర్లు ఫోనులో తెలుగులోనే రాయడం మొదలుపెట్టండి. సరిహద్దుకు ఆవలనున్న తాతకో అమ్మమ్మకో మీ బిడ్డ చేత ఒక్క తెలుగు వాక్యం రాయించి పంపండి. తప్పులున్నా పరవాలేదు, వారు దిద్దుతారు.