పరదేశములో పాతకారు: మనవారు తెలుసుకొనవలసిన సంగతులు
(మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకొనే పంతులుకు కార్ల సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చును. కారణము ఉన్నది. మన పామూరు, కనిగిరి ప్రాంతము సంగతి మీకు తెలియనిది కాదు. వాన నమ్మకము లేదు, నీటిలో ఫ్లోరైడు ఉన్నది, పొలము మీద బ్రతుకుదామంటే బోరు ఎండిపోయినది. అందుచేత మన పిల్లలు కువైటు, సౌదీ, దుబాయి, ఖతర్ వెళ్ళినారు. వారిలో నా దగ్గర అలిఫ్, బే దిద్దినవారు చాలామంది గలరు. సెలవు మీద వచ్చినప్పుడు అరబ్బీలో ఉన్న కాగితాలు పట్టుకొని వస్తారు. "సార్, ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పండి" అంటారు. ఆ కాగితాలలో సగము బండ్లకు సంబంధించినవే. అట్లా చదివి చదివి, వారిని అడిగి అడిగి నేను తెలుసుకొన్నది మీ ముందు పెడుతున్నాను.

మొట్టమొదట ఒక్క మాట చెప్పి తరువాత వివరాలలోకి పోతాను. మన ఊరిలో బండి అంటే ఇంజను, చక్రాలు. అక్కడ బండి అంటే కాగితము. ఆ కాగితములో ఎవరి పేరున్నదో బండి వానిది, జరిమానా వానిది, ప్రమాదము జరిగితే మొదట పిలుపు వచ్చేదీ వానికే. ఈ సంగతి మరవనివారు చాలా వరకు బాగుపడతారు.

అవసరమా, ముచ్చటా?

కారు కొనడము తప్పు కాదు. పని చోటు ఊరికి దూరముగా ఉండి, కంపెనీ బస్సు లేనప్పుడు, లేక భార్యాబిడ్డలను తీసుకొనిపోయి పిల్లలను బడికి పంపవలసి వచ్చినప్పుడు అది అవసరమే. వేసవిలో అక్కడ ఎండ యాభై డిగ్రీల దగ్గరకు పోతుంది. ఆ ఎండలో నడిచి పొమ్మని మనము ఇక్కడ ఫ్యాను క్రింద కూర్చుని చెప్పలేము.

గాని లెక్క వేసుకోవాలి. బండి ధర ఒక్కటే ఖర్చు కాదు. ప్రతి సంవత్సరము ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, టైర్లు, బ్యాటరీ, ఏసీ మరమ్మతు, కొన్ని ఊళ్ళలో పార్కింగు. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్లు పాతబండి చవకగా వచ్చి, మరమ్మతు దాని ధరను మించిపోవచ్చును. ఇంటికి పంపే సొమ్ము ఎంత తగ్గుతుందో ముందే ఇంట్లో చెప్పి కొనేవాడు తెలివైనవాడు. చీటీ పాడి కొనేవాడు, ఉద్యోగము పోతే ఆ చీటీ ఎవరు కడతారో ఆలోచించుకోవాలి.

ఇంకొక భ్రమ కూడ ఉన్నది. "తిరిగి వచ్చేటప్పుడు బండి మన ఊరికి తెచ్చుకొంటాను" అని కొందరు అంటారు. అది జరిగే పని కాదు. పాతబండిని మన దేశములోకి తెచ్చుకొనుటకు అది మూడేండ్లు దాటనిదై ఉండాలి, స్టీరింగు కుడి చేతివైపు ఉండాలి, పైగా భారీ సుంకము కట్టాలి. అరబ్బు దేశాలలో బండ్లకు స్టీరింగు ఎడమవైపు. అంటే అక్కడ కొన్నది అక్కడే అమ్మి రావలసినదే. కొనేనాడే అమ్మేనాటి సంగతి ఆలోచించవలెనని నేను చెప్పేది ఇందుకే.

ఎవరి పేరుమీద?

మన ప్రాంతమునుండి ఖాదిం వీసా మీద, అంటే ఇరవై నంబరు వీసా మీద కువైటుకు ఇంటి డ్రైవరుగా పోయినవారు చాలామంది. వారు తోలేది కఫీల్ బండి. పదునెనిమిది నంబరు వీసా మీద కంపెనీ పనికి పోయినవారిది వేరే లెక్క. ఎవరికైనా సరే, ముందు ఆ దేశపు లైసెన్సు ఉండాలి. కువైటులో పరాయి దేశస్థునికి లైసెన్సు ఇచ్చుటకు జీతము, చదువు, అక్కడ నివసించిన కాలము చూసే షరతులు చాలాకాలముగా ఉన్నవి. డ్రైవరు ఉద్యోగస్థులకు వేరే నియమాలు. ఇవి మారుతుంటాయి గనుక కొనేముందు అక్కడి ట్రాఫిక్ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి, గదిలో ఉన్నవాని మాట మీద కాదు.

లైసెన్సు రాదని తెలిసి కొందరు ఏమి చేస్తారు? డబ్బు తాము పెట్టి, బండి స్నేహితుని పేరుమీద కొంటారు. ఇది ఇద్దరికీ ముప్పు. స్నేహితుడు ఉద్యోగము పోయి ఇంటికి వస్తే, బండి మీద మీకు హక్కు ఉన్నదని చూపే కాగితము ఏది? మీరు సిగ్నలు దాటితే జరిమానా అతని బతాకా మీద పడుతుంది. లైసెన్సు లేకుండా తోలి మనిషికి దెబ్బ తగిలితే, ఇన్సూరెన్సు కంపెనీ బాధితునికి ఇచ్చిన సొమ్మును మళ్ళీ తోలినవాని నుండి రాబట్టుకోవచ్చును. స్నేహము పేరుతో స్నేహితుణ్ణి ఇరుకున పెట్టకండి, మీరూ ఇరుక్కోకండి.

బండిని చూసే విధము

మన పెద్దలు ఎద్దును కొనేటప్పుడు ఏమి చేసేవారు? పళ్ళు చూసేవారు, సుడులు చూసేవారు, కాడి కట్టి నాలుగు చాళ్ళు దున్నించి చూసేవారు. రంగు చూసి కొన్నవాణ్ణి చూసి నవ్వేవారు. బండికీ అదే పద్ధతి.

ఒకటి. ప్రతి బండికీ పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసిన ఛాసిస్ నంబరు ఉంటుంది. ముందు అద్దము క్రింద, డ్రైవరు తలుపు దగ్గర చూడండి. ఆ రెండూ, రిజిస్ట్రేషను కాగితములో ఉన్నదీ ఒక్కటే కావాలి.

రెండు. టైరు ప్రక్కన నాలుగు అంకెలు ముద్ర వేసి ఉంటాయి. మొదటి రెండు వారము, చివరి రెండు సంవత్సరము. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడవ వారములో తయారైనదని అర్థము. టైరు కొత్తదిగా మెరిసినా, ఆ ఎండకు పాత రబ్బరు పగులుతుంది. వేగముగా పోయేటప్పుడు టైరు పగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

మూడు. మీటరును నమ్మకండి. దానిని వెనక్కు త్రిప్పేవారు ఉన్నారు. బ్రేకు పెడలు రబ్బరు, స్టీరింగు, డ్రైవరు సీటు అరిగిన తీరు చూడండి. మీటరు తక్కువ చూపి, పెడలు నున్నగా అరిగిపోయి ఉంటే ఎక్కడో అబద్ధము ఉన్నది. సర్వీసు పుస్తకము అడగండి.

నాలుగు. బండి ఏ దేశము కొరకు తయారైనది? అరబ్బు దేశాల కొరకు తయారైన బండ్లను అక్కడివారు జీసీసీ బండి అంటారు. ఆ వేడికి తగినట్లు రేడియేటరు, ఏసీ ఉంటాయి. అమెరికాలో ప్రమాదమునకు గురై, ఇన్సూరెన్సువారు తీసివేసిన బండ్లను దిగుమతి చేసి, బాగుచేసి, రంగు వేసి అమ్మడము కూడ అక్కడ ఉన్నది. ధర చవక అయితే కారణము అడగాలి. అమెరికా బండి చరిత్రను ఛాసిస్ నంబరుతో కార్‌ఫాక్స్ వంటి చోట్ల చూడవచ్చును.

ఐదు. నీళ్ళలో మునిగిన బండి. ఎడారిలో వరద ఏమిటని అనుకోవద్దు. 16–4–2024న యు.ఏ.ఇ.లో 1949లో లెక్కలు మొదలైనప్పటినుండి ఎన్నడూ పడనంత వాన పడినది. అల్ ఐన్ ప్రాంతములో ఒకచోట ఇరవైనాలుగు గంటలలోపు 254.8 మిల్లీమీటర్లు నమోదైనది. లెక్కలేనన్ని కార్లు మునిగినవి. అటువంటి బండి తుడిచి పెడితే పైకి కొత్తదే. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, నీటి చార కనిపిస్తుంది. కార్పెట్టు ఎత్తి చూడండి, ఒండ్రు ఉంటుంది. సీటు క్రింది ఇనుము తుప్పు పట్టి ఉంటుంది, లోపల ముక్కవాసన వస్తుంది.

ఆరు. ఇవన్నీ చూసినా, మీకు తెలిసిన మెకానిక్కు చేత చూపించండి. అమ్మేవాడు చూపిన మెకానిక్కు కాదు. పగటిపూటే చూడండి. చల్లటి ఇంజనును మీ కళ్ళముందే స్టార్టు చేయించండి. ఏసీ వేసి అరగంట తోలండి.

కాగితములోని మాటలు

ఇప్పుడు నా పాఠములోకి వచ్చినాను. ఉర్దూ చదివినవారికి ఇక్కడ ఒక లాభమున్నది, ఒక మోసమూ ఉన్నది. లాభమేమనగా లిపి తెలుసు. యు.ఏ.ఇ.లో రిజిస్ట్రేషను కార్డును ముల్కియా అంటారు, మన ఉర్దూలో మిల్కియత్ అన్న మాటే. సౌదీలో ఇస్తిమారా అంటారు. కువైటులో మనవారు దఫ్తర్ అంటారు. ప్రమాదము హాదిస్, మన హాదిసా. మోసమేమనగా, కొన్ని మాటలు తెలిసినట్లే ఉండి అర్థము వేరుగా ఉంటుంది. మనకు ముఖాలఫత్ అంటే వ్యతిరేకత. అక్కడ ముఖాలఫా అంటే ట్రాఫిక్ తప్పు, దాని చలానా. రుఖ్సత్ అంటే మనకు సెలవు, వీడ్కోలు. అక్కడ రుఖ్సా అంటే లైసెన్సు. తామీన్ అంటే ఇన్సూరెన్సు, ఫహస్ అంటే తనిఖీ.

అంకెలలో మరీ జాగ్రత్త. మనము ఉర్దూలో వ్రాసే 4, 6, 7 అంకెలకూ, అరబ్బులు వ్రాసే వాటికీ రూపభేదము ఉన్నది. ధర, తేదీ, ఛాసిస్ నంబరు చదివేటప్పుడు తెలిసిందేలే అని తొందరపడవద్దు. తెలియని కాగితముమీద సంతకము పెట్టవద్దు. ఫోటో తీసి తెలిసినవారికి పంపండి, ఒక రోజు ఆగండి. ఒక రోజులో పోయే బేరము పోతే పోనివ్వండి.

డబ్బు ఇవ్వకముందు మూడు సంగతులు చూడాలి. బండి మీద బ్యాంకు అప్పు ఉన్నదా? కట్టని ముఖాలఫాలు ఉన్నవా? ఇన్సూరెన్సు, తనిఖీ చెల్లుబాటులో ఉన్నవా? ఇవి సరిగా లేనిదే పేరు మారదు. సౌదీలో అబ్షర్ ద్వారా, కువైటులో సహల్ ద్వారా బదిలీ ఫోనులోనే జరిగే సౌకర్యము వచ్చినది. కువైటులో 2024 అక్టోబరు నుండి కార్ల క్రయవిక్రయాలలో నగదు ఇచ్చిపుచ్చుకొనుట నిషేధము. బ్యాంకు ద్వారా చెల్లించాలి. ఇది మనకు మేలే. బ్యాంకులో పోయిన సొమ్ముకు సాక్ష్యము ఉంటుంది, చేతిలో పెట్టిన సొమ్ముకు ఉండదు. "ముందు డబ్బు ఇవ్వు భాయి, పేరు వచ్చే వారము మారుస్తాను" అనేవాడు సొంత మామ కొడుకైనా సరే, ఒప్పుకోవద్దు.

ఇన్సూరెన్సు సంగతి

థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఎదుటివాని నష్టమునకు. మీ బండి నష్టమునకు ఫుల్ ఇన్సూరెన్సు. ఏది తీసుకొన్నా ఒక్క రోజు కూడ ఖాళీ ఉండకూడదు. ప్రమాదములో మనిషి చనిపోతే అక్కడ దియ్యత్, అంటే ప్రాణమునకు పరిహారము చెల్లించాలి. యు.ఏ.ఇ.లో అది 2 లక్షల దిర్హములు. ఇన్సూరెన్సు చెల్లకపోతే ఆ భారము తోలినవాని మీద, వాని వెనుక ఉన్న ఇంటి మీద పడుతుంది. అంత సొమ్ము మనలో ఎవరి ఇంట్లో ఉన్నది?

అమ్మి వచ్చేటప్పుడు

కొనేటప్పటి జాగ్రత్తకంటె ఇది ముఖ్యము. చాలామంది బండి తాళము, కొంత డబ్బు తీసుకొని, పేరు మార్చకుండా విమానము ఎక్కుతారు. బండి ఇంకా వారి పేరుమీదనే తిరుగుతూ ఉంటుంది. కొన్నవాడు ఎర్రలైటు దాటితే చలానా పాతవాని మీదనే. కువైటులో కొత్త ట్రాఫిక్ చట్టము 22–4–2025 నుండి అమలులోకి వచ్చినది. ఎర్రలైటు దాటితే 150 దినార్లు, చేతిలో ఫోను పట్టుకొని తోలితే 75 దినార్లు.

ఇక అసలు సంగతి వినండి. 2023 ఆగస్టు నుండి కువైటులో ఉన్న పరదేశస్థులు ట్రాఫిక్ జరిమానాలు కట్టనిదే దేశము విడిచి వెళ్ళుటకు వీలు లేదు. సౌదీలో కూడ కట్టని జరిమానాలు ఉంటే రాకపోకల వీసా రాదు. ఇంట్లో తండ్రికి ప్రాణము మీదికి వచ్చినదని ఫోను వస్తుంది. కొడుకు టికెట్టు తీసుకొని విమానాశ్రయము చేరుతాడు. తాను ఎప్పుడో అమ్మిన బండి మీద ఎవడో చేసిన తప్పులకు అక్కడ ఆగిపోతాడు. ఇక్కడ జనాజా ఎంతసేపు ఆగగలదు? పాతకారు గురించి ఇంతసేపు మాట్లాడినది ఈ ఒక్క పరిస్థితి మన ఇళ్ళలో ఎవరికీ రాకూడదని. పేరు మారిన కాగితము కళ్ళతో చూసి, దాని నకలు దగ్గర పెట్టుకొని, అప్పుడే తాళము ఇవ్వండి.

ఇంటివారికి ఒక మనవి

తల్లులారా, అక్కచెల్లెళ్ళారా! కారు ముందు నిలబడి తీయించుకొన్న ఫోటో వస్తే సంతోషించండి, గాని వెంటనే అడగండి: "బిడ్డా, అది నీ పేరుమీద ఉన్నదా? లైసెన్సు ఉన్నదా? ఇన్సూరెన్సు ఎప్పటిదాకా?" ఎదురింటివాని కొడుకు కొన్నాడు, నీవెందుకు కొనలేదని మాత్రము అనకండి. ఆ ఒక్క మాటతో అప్పులో పడినవారు ఉన్నారు.

అధ్యక్షులవారికి ఒక సూచన. ఈ సంగతులను ఒక్క కాగితము మీద తెలుగులోను, ఉర్దూలోను అచ్చువేయించి, ఇక్కడనుండి పరదేశము పోయే ప్రతి పిల్లవాని చేతికి సొసైటీ తరఫున ఇస్తే బాగుంటుంది. చదివి సరిచూచే పని నేను చేస్తాను. కాగితాలు చదివించుకోవాలనుకొన్నవారు సాయంత్రము బడి వదిలిన తరువాత నా దగ్గరకు రావచ్చును, రుసుము ఏమీ లేదు.

 దూరదేశములలో ఉన్న మన పిల్లలందరు క్షేమముగా పోయి క్షేమముగా రావలెనని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను. ఖుదా హాఫిజ్.